రెండు చప్పుళ్లు

"కండ్లతోని చూసింది వద్దు పెద్దమ్మా. చెవులతోని విన్నది చెప్పు," అంది నిరోష.

సోమమ్మ బియ్యం చాట పక్కన పెట్టి గోడకు జారగిలబడింది. కట్టంగూర్ ఊరి చివర, హైవే సర్వీసు రోడ్డును ఆనుకుని ఉన్న రేకుల ఇల్లు ఆమెది. శుక్రవారం పొద్దుగూకే వేళ ఆ ఇంటి ముందరే ఆమె భర్త మారయ్యను ఒక తెల్ల కారు గుద్ది వెళ్లిపోయింది. మారయ్య నల్గొండ దవాఖానలో ఉన్నాడు. సోమవారం వచ్చినా ఇంకా స్పృహ రాలేదు.

"పోలీసోళ్లకు చెప్పిన గద బిడ్డా. తెల్ల కారు. టక్ టక్ మని సప్పుడు."

"వాళ్లు రాసుకున్నది నాకు తెలుసు. నాకు మొదటికెళ్లి కావాలె. ఆ సప్పుడు నీకు ముందుగాల యాడ వినబడ్డది?"

"గా ఎక్కుడు కాడ." సోమమ్మ చెయ్యెత్తి చూపించింది. వంతెన కింది నుంచి సర్వీసు రోడ్డు పైకెక్కే చోటు అది. "సుత్తె తీసుకొని ఇనుప దిమ్మె మీద కొడితే ఎట్లుంటది, గట్ల. ఎవల బండో ఖరాబైంది అనుకున్న. అంతల్నే మేకలు అరిసినయి. బయటికి ఉరికొచ్చేసరికి ఆయన కింద పడి ఉన్నడు."

"గుద్దినంక కారు ఆగిందా?"

"జరంత ముందటికి పోయి ఆగింది. లోపలి మనిషి దిగలే. అద్దం కూడ దించలే. నేను బండి దిక్కు ఉరుకుతాంటే ఒక్కపారి గుంజుకొని పోయిండు."

నిరోష తన స్టూలును ముందుకు జరుపుకుంది. "ఆగినప్పుడు ఇంజను నడుస్తాందా, బంద్ అయిందా?"

"నడుస్తాంది. వెనకకెళ్లి పొగ వస్తాంది."

"అప్పుడు ఆ టక్ టక్ ఉన్నదా?"

సోమమ్మ గోడకు తల ఆనించింది. కళ్లు మూసుకుంది. ఆ సాయంత్రంలోకి మళ్లీ నడిచి వెళ్లడం ఆమెకు ఎంత కష్టమో నిరోషకు తెలుసు. అందుకే తొందరపెట్టలేదు.

"లేదు," అంది సోమమ్మ కళ్లు తెరిచి. "ఆగినంత సేపు లేదు. ఆయన మూలుగు నాకు సాఫ్ వినబడ్డది. ఆ సప్పుడే ఉంటే మూలుగు వినబడకపోవు. కారు కదిలి ఊపందుకున్నంక మల్ల మొదలైంది."

"ఈ మాట ఇన్‌స్పెక్టర్ సారుకు చెప్పినవా?"

"అడగలే. సప్పుడు ఉన్నదా అన్నడు. ఉన్నదన్న."

నిరోష లేచింది. గుమ్మం దాటుతుంటే సోమమ్మ వెనక నుంచి పిలిచింది.

"ఆ కురుమయ్య బిడ్డనే గుద్దిందని సారు అంటుండు. ఆమెనే అయితే నేను విడువ. కాకుంటే కాదని చెప్పు. నాకు ఎవరో ఒకరు దొరికితే చాలని లేదు. గుద్దినోడే కావాలె."

"నాకూ గంతే పెద్దమ్మా," అంది నిరోష.

*

కురుమయ్య ఇంటి ముందు అప్పటికే పోలీసు జీపు ఆగి ఉంది. ఇన్‌స్పెక్టర్ హనుమంతు కారు బానెట్ మీద చెయ్యి ఆనించి, తన సొత్తు పక్కన నిలబడ్డట్టు నిలబడ్డాడు. కానిస్టేబుల్ ఎల్లేష్ ఫోన్‌లో క్రేను వాడికి దారి చెబుతున్నాడు. డ్రైవర్ జీపులోనే కూర్చుని ఉన్నాడు.

కురుమయ్య మెట్ల మీద నిటారుగా కూర్చున్నాడు. ఒకప్పుడు ఊళ్లో దొరల పొలాల్లో కూలి చేసిన మనిషి. ఇప్పుడు సొంతంగా రెండెకరాల బత్తాయి తోట ఉంది, స్టాఫ్ నర్సుగా పనిచేసే కూతురుంది, కూతురు కొన్న కారుంది. ఆ వాడలోకి వచ్చిన మొదటి కారు అది. దాన్ని రోజూ పొద్దున తనే తుడుస్తాడు. ఇంకొకరు గుడ్డ పట్టుకుంటే ఒప్పుకోడు.

"బిడ్డా, వీళ్లు బండిని తీసుకపోతరట," అన్నాడు నిరోషను చూసి. "బండి పోతే పోనీ. గ్లోరీని మాత్రం ఎక్కించనియ్య. నా బిడ్డ కింద పడ్డ మనిషిని ఇడిసిపెట్టి వచ్చే రకం కాదు."

గ్లోరీ తలుపు దగ్గర నిలబడి ఉంది. డ్యూటీకి వెళ్లే తెల్ల కోటు చేతి మీద వేలాడుతోంది. మారయ్య ఉన్న వార్డులోనే ఆమె పని. కేసు తేలేదాకా ఆ వార్డుకు రావద్దని ఆ పొద్దునే ఫోన్ వచ్చింది.

"శనివారం నేనే ఆయనకు సెలైన్ ఎక్కించిన అక్కా," అంది నిరోషతో. "గుద్దింది నేనే అయితే ఆ మంచం పక్కన నా చెయ్యి ఆడుతుండెనా?"

హనుమంతు నవ్వాడు. "చెయ్యి ఆడటం సాక్ష్యం కాదమ్మా. సాక్ష్యం ఇది." బానెట్ మీద వేళ్లతో తట్టాడు. "తెల్ల కారు. అదే మోడల్. శుక్రవారం సాయంత్రం అదే దారిలో ఇంటికొచ్చింది. ముందు బంపర్ మీద గీత. అన్నిటికీ మించి సాక్షి చెప్పిన చప్పుడు. తాళం తిప్పితే మీరే వింటారు డిటెక్టివ్ గారూ."

చివరి మాటను కొంచెం సాగదీశాడు. నిరోష దాన్ని పట్టించుకోలేదు. ఆమె నల్గొండలో ఆటోమొబైల్ డిప్లొమా చదివి, బీమా కంపెనీలకు ప్రమాదాల సర్వేయర్‌గా పనిచేసి, ఆ తర్వాత సొంతంగా పరిశోధన సంస్థ పెట్టుకుంది. పగిలిన బంపర్లు, వంగిన ఛాసిస్‌లు ఆమె చూసినన్ని ఈ జిల్లాలో చూసినవాళ్లు తక్కువ. ఆ సంగతి ఆమెకు బాగా తెలుసు, దాచుకోదు కూడా. ఈ కేసు చూడమని ఆమెను పిలిచింది కురుమయ్యే.

బంపర్ దగ్గర కూర్చుని గీత మీద గోరుతో రుద్దింది.

"ఇది శుక్రవారం గీత కాదు సార్. అంచుల లోపటికి దుమ్ము పట్టి నల్లబడ్డది. పక్కకున్న ఫెండరు దాకా పోయింది చూడండి, రేకు మీద తుప్పు లేచింది. మూడు రోజుల్ల గిట్ల కాదు."

"గేటుకు తాకింది. ఉగాది నాడు," అన్నాడు కురుమయ్య.

"గీత వదిలేయండి," అన్నాడు హనుమంతు. "చప్పుడు సంగతేమిటి?"

"ఈ బండి మీద మీకు అనుమానం ఎట్ల వచ్చింది?"

"సమాచారం వచ్చింది. నిన్న."

"ఎవలిచ్చిన్రు?"

"అది మీకు చెప్పాల్సిన పని లేదు."

నిరోష లేచి నిలబడింది. "సరే. క్రేను వచ్చేదాకా టైమియ్యండి. బండి ఇప్పి చూస్త. మీ ముందరనే చూస్త. ఎల్లేష్ అన్న మొత్తం వీడియో తీస్తడు. ఈ సప్పుడు, సోమమ్మ విన్న సప్పుడు ఒకటే అని తేలితే గ్లోరీ చెయ్యి పట్టుకొని నేనే మీ జీపు ఎక్కిస్త."

హనుమంతుకు తన కేసు మీద అంత నమ్మకం ఉంది. వద్దంటే భయపడ్డట్టు అవుతుందని కూడా అనిపించి ఉంటుంది. "కానియ్యండి," అన్నాడు. "ఎల్లేష్, ఫోన్ తియ్యి."

*

గ్లోరీ తాళం తిప్పింది. ఇంజను అందుకుంది. అందుకున్న క్షణం నుంచే కొట్టడం మొదలుపెట్టింది. టక్, టక్, టక్. ఇంటి గోడకు తగిలి ఆ చప్పుడు వాకిలి నిండా పరుచుకుంది. హనుమంతు చేతులు కట్టుకుని, ఇది చాలదా అన్నట్టు చూశాడు.

"యాక్సిలరేటర్ తొక్కు. మెల్లగ," అంది నిరోష.

గ్లోరీ తొక్కింది. ఇంజను వేగం పెరిగింది. కొట్టుడు తగ్గింది. ఇంకొంచెం తొక్కితే పూర్తిగా మాయమైంది. కాలు తీయగానే మళ్లీ మొదలైంది.

"ఇంకొకసారి," అంది నిరోష. మళ్లీ అదే జరిగింది. ఆమె హనుమంతు వైపు తిరిగింది. "విన్నరా సార్? ఉత్తగ నిలబడితే కొడతాంది. ఊపందుకుంటే ఆగుతాంది. సోమమ్మ చెప్పింది దీనికి ఉల్టా. ఎక్కుడు ఎక్కుతుంటే కొట్టింది. గుద్దినంక ఆగి నిలబడితే సప్పుడు లేదు, ఆమెకు మొగడి మూలుగు వినబడ్డది. మల్ల ఉరికినప్పుడు కొట్టింది."

"ఆ మాట స్టేట్‌మెంట్‌లో లేదు."

"మీరు అడగలే. ఇప్పుడు పోయి అడగండి."

హనుమంతు ముఖంలో రంగు మారింది, గొంతు మారలేదు. "ఇంజను చప్పుడు ఎప్పుడూ ఒకేలా ఉండదు. శుక్రవారం ఒకలా కొట్టింది, ఇవాళ ఇంకోలా కొడుతోంది. లేదా పాత రోగం బాగుచేయించుకున్నారు."

"ఒక రోగం బాగుచేయించుకొని ఇంకో రోగం తెచ్చుకున్నరా? చూద్దాం."

ఆమె ఇంజను ఆపించి, ఆయిల్ కొలిచే పుల్ల బయటికి లాగింది. తెల్ల గుడ్డ మీద తుడిచి, ఎండలోకి పట్టింది.

"బరువు పడ్డప్పుడు కొట్టే సప్పుడుంటే, పిస్టన్‌ను పట్టుకొని తిప్పే రాడ్డు ఉంటది సార్, దాని కింది బేరింగ్ అరిగినట్టు. బేరింగ్ అరిగితే ఆ లోహం పొడి ఆయిల్ల కలుస్తది. ఎండకు పెడితే జరీ లెక్క మెరుస్తది. ఇండ్ల ఒక్క మెరుపు లేదు."

"ఆయిల్ మార్చి ఉంటారు."

"మారిస్తే తేనె రంగుల ఉంటది. ఇది నల్లగున్నది. నెలల కొద్దీ తిరిగిన ఆయిల్. అయినా మీకు ఇంకో పరీక్ష చూపిస్త."

ఇంజను మళ్లీ నడిపించింది. ఒక్కొక్క సిలిండర్‌కు కరెంటు అందించే తీగను పీకి, విని, తిరిగి పెట్టింది. ప్రతిసారీ ఇంజను కుంటింది తప్ప కొట్టుడు అలాగే ఉంది. లోపలి రాడ్డే కొడుతుంటే, దాని సిలిండర్ ఆపినప్పుడు చప్పుడు మెత్తబడాలి. నాలుగింటిలో ఏది ఆపినా మెత్తబడలేదు.

పొడుగాటి స్క్రూడ్రైవర్ మొన ఇంజనుకు ఆనించి, పిడి చెవికి పెట్టుకుంది. పైన, కింద, పక్కన ఒక్కో చోట విన్నది. హనుమంతు పెదవి విరిచాడు. "మీ చెవి మాట కోర్టు నమ్మదు."

"అయితే నేను కూడ వింట సార్," అంది గ్లోరీ.

చెప్పినట్టు తాళం తిప్పడం తప్ప అంతసేపూ మాట్లాడని పిల్ల మాట్లాడేసరికి అందరూ అటు తిరిగారు. ఆమె ఇంట్లోకి వెళ్లి స్టెతస్కోప్ తెచ్చుకుంది. దాని బిళ్లను స్క్రూడ్రైవర్ పిడికి గట్టిగా ఆనించి, నిరోష చూపించిన చోటల్లా విన్నది. వార్డులో రోగి ఛాతీ మీద వినేటప్పుడు ఉండే శ్రద్ధే ఆమె ముఖంలో ఉంది.

"నడుమ సాఫ్‌గ ఉన్నది," అంది. "ఈ చివరకు, కుడి చక్రం దిక్కు పోతే చెవులు పగులుతున్నయి. సప్పుడు లోపల లేదు. బయట ఉన్నది."

స్టెతస్కోప్ తీసి ఇన్‌స్పెక్టర్ ముందుకు చాపింది. "మీరు కూడ వినండి సార్."

హనుమంతు ఒక్క క్షణం ఆలోచించాడు. తర్వాత టోపీ తీసి ఎల్లేష్ చేతికిచ్చి, చెవులకు పెట్టుకున్నాడు. విన్నాడు. తిరిగి ఇచ్చేశాడు.

నిరోష ఇంజను ఆపించి, జాకీ ఎత్తి కుడి చక్రం విప్పింది. లోపలి ప్లాస్టిక్ మూత తీస్తే ఇంజను చివర తిరిగే పెద్ద పుల్లీ కనిపించింది. ఏసీకి, డైనమోకు బెల్టు తిప్పేది అదే. బెల్టు తీసేసి పుల్లీని రెండు చేతులతో పట్టుకుని ఊపింది. అది వదులైన పన్నులా కదిలింది. నడుమ బోల్టు మీద స్పానర్ ఉంచి రెండు వేళ్లతో తిప్పింది. తిరిగింది.

"ఎల్లేష్ అన్నా, దగ్గరికి రా. ఇది మంచిగ తియ్యి. సార్, ఈ బోల్టు ఇప్పాలంటే పొడుగు పైపు తగిలించి మనిషి బరువంతా ఎయ్యాలె. నా రెండు వేళ్లకు తిరిగింది. తల అంచుల మీద మెరుపు చూడండి, సాకెట్ పట్టిన జాడ. చుట్టూ ఉన్న దుమ్ము పాతది, జాడ కొత్తది. ఇది దానంతట అది ఊడలే. ఎవరో పనిపెట్టుకొని వదులు చేసిన్రు."

హనుమంతు మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఖాకీ ప్యాంటుకు మట్టి అంటుకుంటున్నా చూసుకోలేదు. బోల్టును చాలాసేపు చూశాడు.

"బిగించండి," అన్నాడు చివరికి. "బిగిస్తే చప్పుడు పోతుందా?"

"ఇదే కారణమైతే పోతది. పోకుంటే మీరే గెలిచిన్రు."

ఆమె పుల్లీ గాడి చెడలేదని చూసుకుని, సరిగ్గా కూర్చోబెట్టి, బోల్టు ఎక్కించింది. సరిపడా బిగువు రాగానే టిక్కుమనే పెద్ద స్పానర్ తన వ్యాను నుంచి తెచ్చింది. టిక్కుమనేదాకా లాగింది. బెల్టు వేసింది, చక్రం ఎక్కించింది, జాకీ దించింది. చెమటను మోచేతితో తుడుచుకుంది.

"గ్లోరీ, నడిపియ్యి."

ఇంజను అందుకుంది. కురుమయ్య మెట్ల మీద నుంచి లేచాడు. వాకిట్లో మెత్తటి గురగుర తప్ప ఇంకేమీ లేదు. గ్లోరీ యాక్సిలరేటర్ తొక్కింది, వదిలింది, తొక్కింది. ఎక్కడా కొట్టలేదు. కురుమయ్య కారు చుట్టూ ఒకసారి తిరిగి, చేతులు వెనక్కి కట్టుకుని ఇన్‌స్పెక్టర్ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"శుక్రవారం దాకా గిట్లనే నడిచింది సారూ. ఇదే మా బండి."

*

నిరోష చేతులు కడుక్కుంటూ అడిగింది. "గ్లోరీ, సప్పుడు ఎప్పటినుంచి?"

"శనివారం మాపటినుంచి. పొద్దున డ్యూటీకి పోయేటప్పుడు ఏసీ చల్లగ వస్తలేదని నల్గొండల చూపించిన, బెల్టు మార్చిన్రు. డ్యూటీ అయినంక బండి తీసుకొని ఇంటికి వస్తుంటే మొదలైంది. వాళ్లకే ఫోన్ చేస్తే, బెల్టు కొత్తది గద, నాలుగు రోజులకు సర్దుకుంటది అన్నరు."

"ఏ వర్క్‌షాపు?"

"దేవరకొండ రోడ్డు మీద. నరేశ్ అని."

హనుమంతు అప్పుడే ఎల్లేష్ దగ్గర టోపీ తీసుకుంటున్నాడు. తీసుకున్న చెయ్యి గాలిలోనే ఆగిపోయింది. నిరోష అది చూసింది. కానీ అడగలేదు. ఈ మనిషితో ఇంతసేపు పోట్లాడాక అతని గురించి ఆమెకు ఒక సంగతి అర్థమైంది. మొండివాడు, తొందరపాటువాడు, కానీ స్టెతస్కోప్ చాపితే తీసుకుని విన్నాడు.

"ఎల్లేష్, వీడియో ఆపకు," అన్నాడు హనుమంతు. అంతదాకా పట్టుకుని ఉన్న ఆఫీసు భాష ఎక్కడికో పోయింది. "నరేశ్ నా బామ్మర్ది. మా ఇంట్లనే ఉంటడు. శుక్రవారం రాత్రి అన్నం కాడ ఈ కేసు ముచ్చట ఇంట్ల చెప్పిన. తెల్ల కారు, టక్ టక్ సప్పుడు అని. నిన్న నాకు సమాచారం ఇచ్చింది వాడే. బావా, కట్టంగూర్ నర్సు బండి మా దగ్గరికి వచ్చింది, దానికి ఆ సప్పుడే ఉన్నది అన్నడు."

జీపు డ్రైవర్ చెవులు నిక్కబొడుచుకున్నాడు.

"ఇంకొకటి కూడ ఉన్నది," అన్నాడు హనుమంతు. అది చెప్పడానికి అతనికి ఎంత బలం కావాల్సి వచ్చిందో ముఖం మీద కనిపించింది. "మా ఇంటి కారు కూడ తెల్లదే. ఇదే మోడల్. నెల నుంచి ఎత్తు ఎక్కితే కొడతాంది. ఆగితే ఉండది. చెయ్యిరా అంటే రేపు, ఎల్లుండి అంటడు. శుక్రవారం మాపు బండి వాని దగ్గర్నే ఉండె. మీరు ఆయిల్ చూసినప్పుడే నాకు మా బండి యాదికొచ్చింది. నోరు తెరవలేకపోయిన."

"ఇప్పుడు తెరిచిన్రు," అంది నిరోష. "అది చాలు. బండి యాడుంది?"

హనుమంతు ఫోన్ తీసి భార్యకు చేశాడు. అందరికీ వినపడేలా స్పీకర్ పెట్టాడు.

"రమా, యాడున్నవు?"

"దేవరకొండ తోవల ఉన్నం," అంది రమ. కిటికీలోంచి కొట్టే గాలికి ఆమె మాట తెగి తెగి వస్తోంది. "నరేశ్ నారాయణపేట పోతున్న, అమ్మోళ్లింట్ల బండి పెట్టొస్త అంటే నేను, బిడ్డ కూడ ఎక్కినం. వద్దనే అన్నడు, నేనే ఇనలే. నీకు మెసేజ్ పెట్టిన, చూడలేదా?"

ఆమె మాటల వెనక, గాలి కింద, ఇంకో చప్పుడు ఉంది. నిరోష ఫోన్ మీదికి వంగింది. దూరంగా, గట్టిగా, ఆగకుండా ఇనుము ఇనుమును కొడుతోంది. సోమమ్మ చెప్పిన సుత్తె. కారు ఎత్తు ఎక్కుతోంది.

"అక్కా, సప్పుడు చాన గట్టిగున్నది," అంది గ్లోరీ మెల్లగా.

నిరోష తలూపింది. బేరింగ్ ఆఖరి దశలో ఉంది. ఇంకా బరువు పడితే రాడ్డు తెగుతుంది. తెగిన రాడ్డు ఇంజనును చీల్చుకుని బయటికొస్తే కాగిన ఆయిల్ పొగ గొట్టం మీద పడుతుంది. అలా కాలిపోయిన కార్లను ఆమె సర్వేలో చూసింది.

"రమక్కా, నేను నిరోష," అంది ఫోన్‌లోకి. "జర నా మాట విను. బండి పక్కకు ఆపించు. ఇప్పుడే. బిడ్డను తీసుకొని దిగు, బండికి దూరంగ నిలబడు."

"ఎవరక్కా అది?" ఒక మగ గొంతు వినిపించింది. "బావనా?"

"రమా, దిగు," అన్నాడు హనుమంతు. "నరేశ్, బండి ఆపు. నేను చెప్తున్న."

సుత్తె చప్పుడు ఇంకా వేగంగా, ఇంకా గట్టిగా వినిపించింది. వాడు ఆపడానికి బదులు యాక్సిలరేటర్ తొక్కాడు. ఒక పిల్ల గొంతు అమ్మా అంది. ఫోన్ తెగిపోయింది.

హనుమంతు మళ్లీ చేశాడు. స్విచ్ఛాఫ్ అని వచ్చింది.

ఎల్లేష్ అప్పటికే దేవరకొండ స్టేషన్‌కు కలుపుతున్నాడు. హనుమంతు జీపు వైపు రెండడుగులు వేసి ఆగిపోయాడు. సీట్లో డ్రైవర్ లేడు. జీపు అవతల పక్కన, వీపు ఇటు తిప్పి ఫోన్‌లో గుసగుసలాడుతున్నాడు. మాటల్లో నరేశన్నా అన్న పిలుపు వాకిట్లోకి స్పష్టంగా వినపడింది.

"ఎల్లేష్, వాని ఫోన్ గుంజుకో. జీపు తాళం కూడ. వాణ్ని ఈడికెళ్లి కదలనియ్యకు," అన్నాడు హనుమంతు. ఆ తర్వాత కురుమయ్య వైపు తిరిగాడు. పాత జీపు గానీ నిరోష వ్యాను గానీ ఆ వేగాన్ని అందుకోలేవు, కురుమయ్య కారే అడగాలి. కాసేపటి కింద ఆ ఇంటి బండిని క్రేనుకు కట్టి లాక్కెళ్లడానికి వచ్చిన మనిషి అతను.

కురుమయ్య అతన్ని అడగనివ్వలేదు.

"పోండి సారూ. పిల్ల ఉన్నది ఆ బండిల," అన్నాడు.

నిరోష తన పనిముట్ల సంచి ముందు సీటు కింద పడేసి, అందులోనే ఎక్కి కూర్చుంది. గ్లోరీ తెల్ల కోటును వెనక సీటు మీదికి విసిరి, ఇంట్లోని మందుల పెట్టె తెచ్చి దాని పక్కన పెట్టింది. స్టీరింగ్ పట్టుకుని వెనక తలుపు వైపు చూసింది.

"ఎక్కండి సార్," అంది. "నేను నడుపుత."

హనుమంతు ఎక్కాడు. వాకిట్లోకి అప్పుడే తిరుగుతున్న క్రేనును ఎడమకు తప్పించి, గ్లోరీ కారును రోడ్డు మీదికి ఎక్కించింది. వంతెన దగ్గరి ఎత్తు మీద యాక్సిలరేటర్ మొత్తం తొక్కింది. ఇంజను ఒక్క చోట కూడా కొట్టకుండా పైకి లాగింది.